చలికి కొసరు, ఎండకి చాలు

నేను ఒక బ్యాటరీని. గోడ గడియారంలోకి దూరే చిటికెన వేలంత దాన్ని కాదు, ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని మూలుగుతూ ఎత్తాల్సిన దాన్ని. ప్రస్తుతం నరసరావుపేటలో మస్తాన్ బ్యాటరీల కొట్టు వెనక, రేకుల షెడ్డు కింద, నాలాంటి ముసలి సరుకు మధ్య కూర్చుని ఉన్నాను. రేపో మాపో లారీ వస్తుంది. నన్ను పగలగొట్టి, నాలో సీసం కరిగించి మళ్ళీ ఇంకో బ్యాటరీని పోస్తారట. మంచిదే. నాలో ఉన్న సీసం కూడా అలా వచ్చిందే. ఎవరి ఆటోలోనో, ఎవరింటి ఇన్వర్టర్‌లోనో సేవ చేసి అలిసిపోయిన వాటిని కరిగించి పలకలు పోశారు, పలకల మధ్య పలచటి అట్టలు పెట్టారు, నల్లటి డబ్బాలో దించి ఆసిడ్ పోశారు. నా జన్మ రహస్యం అంతే. లారీ వచ్చేలోగా తీరిక చిక్కింది కాబట్టి మిగతాది చెబుతాను.

ముందు మా తిండి సంగతి చెప్పాలి. ఎందుకంటే నా కథంతా తిండి కథే. మీరు వేసవిలో మజ్జిగన్నం తిని చాలంటారు, చలికాలంలో వేడివేడిగా రెండు ముద్దలు ఎక్కువే లాగిస్తారు. అంత తెలిసిన మీరు, మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ కాలమైనా ఒకటే కొలత వడ్డిస్తారు. మాకూ ఒళ్ళుంది బాబూ. చలిలో మా ఒళ్ళు మొద్దుబారిపోతుంది, కరెంటు ఒక పట్టాన లోపలికి దిగదు. అప్పుడు కాస్త గట్టిగా, కొసరి కొసరి పెట్టాలి. ఎండలో అయితే నోరు తెరవకముందే కడుపు నిండుతుంది. అప్పుడు చాలని మేము అనకముందే చెయ్యి ఆపాలి. ఆపకపోతే లోపల నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి, పలకలు పాడైపోతాయి. ఈ చిన్న విషయం అర్థం కాక ఎన్ని బ్యాటరీలు అర్ధాయుష్షుతో పోయాయో, ఈ షెడ్డులో అడిగితే చెబుతాయి.

నన్ను కొన్నవాళ్ళు మొగుడూ పెళ్ళాం. ఆయన బసవపున్నయ్య. పొడుగ్గా, ఎండిన తాటాకులా ఉండేవాడు, మాట పొదుపు మనిషి. ఆవిడ శేషారత్నం. ఆయన మాట్లాడని మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఆవిడకి ఆయన సొంత మేనమామే, అందుకని పెళ్ళయ్యాక కూడా మావా అనే పిలిచేది. వాళ్ళ వ్యాపారం తేనెటీగలు. ఈగల పెట్టెలు లారీకి ఎక్కించి, పూలు ఎక్కడ పూస్తే అక్కడికి మోసుకెళ్ళేవాళ్ళు. వేసవికి పల్నాడులో నువ్వు చేల పక్కన, ఆ తర్వాత పొద్దుతిరుగుడు తోటల దగ్గర, చలికాలం రాగానే అరకు కొండల మీద వలిసె పూలకి. లారీ వెనకాలే వాళ్ళ ఇల్లు కూడా వెళ్ళేది. ఇల్లంటే పాత కాలేజీ మినీబస్సు. సీట్లు పీకేసి అందులో మంచం, గ్యాసు పొయ్యి, ఫ్యాను, లైట్లు బిగించుకున్నారు. పైన సోలార్ పలకలు. మంచం కింద నా చోటు.

ఫ్యానుకీ లైట్లకీ అయితే నా అంతటి దాన్ని కొనక్కర్లేదు. అసలు సంగతి రత్నానికి ఉబ్బసం. పొద్దునా సాయంత్రం ముక్కూ నోరూ మూసే గొట్టం తగిలించుకుని మందు ఆవిరి పీల్చాలి. ఆ మిషను నా మీద ఆడాలి. నన్ను కొనే రోజున ఆవిడ అన్న పూర్ణచంద్రరావు కూడా కొట్టుకి వచ్చాడు. చిలకలూరిపేటలో ఎరువుల కొట్టు ఆయనది. చెల్లెలంటే ప్రాణం. ఊపిరాడని మనిషిని కొండల మీద చలిలో తిప్పడం ఏమిటి మావయ్యా, ఈగల్ని ఎవరికైనా ఇచ్చేసి ఇంటిపట్టున ఉండండి అని కొట్టు ముందే పంచాయితీ పెట్టాడు. రత్నం వినలేదు. నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఆయాసం కాదు, దిగులుతో పోతానంది. చివరికి పున్నయ్య నా మూత మీద చెయ్యి వేసి మేనల్లుడికి మాటిచ్చాడు.

"ఒరేయ్ పూర్ణా, రత్నానికి కావాల్సినప్పుడు ఈ మిషను ఒక్కసారి ఆగిందంటే, పెట్టెలన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేసి దాన్ని తెచ్చి నీ ఇంట్లో దింపుతా. మళ్ళీ బస్సెక్కించను."

ఇంకా పూర్తిగా చార్జింగైనా కాని నా నెత్తిన అంత బరువు పెట్టారు చూడండి. ఆ పూట మస్తాన్ నన్ను పెళ్ళికొడుకుని పొగిడినట్టు పొగిడి బస్సెక్కించాడు.

మొదటి వేసవి నాకు నరకం చూపించింది. పల్నాడులో రోళ్ళు పగిలే ఎండ, రేకు బస్సు, మంచం కింద ఉక్కపోత. అప్పుడున్న చార్జరు మొండి ఘటం. చలీ ఎండా దానికి ఒకటే. మధ్యాహ్నానికి నాకు పొట్ట పట్టనంత వడ్డించేది. లోపల ఆసిడ్ కుతకుతమనేది, నీళ్ళు హరించుకుపోయేవి. ఒకనాడు బస్సులోకి రాగానే రత్నం ముక్కు ఎగబీల్చి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందంది. వంటింటి గంపంతా వెతికి గుడ్డు దొరక్క, మంచం కింద తల పెట్టి నన్ను పట్టుకు చూసింది.

"మావా, దీనికి అజీర్తి చేసినట్టుందే" అంది.

మనుషుల్లో నా బాధ తెలిసిన మొట్టమొదటి మనిషి ఆవిడే. నాకు బ్యాటరీ నీళ్ళు పోశారు, మస్తాన్‌ని పిలిపించారు. అతను కొత్త చార్జరు తెచ్చాడు. దాన్నుంచి సన్నటి వైరు, వైరు చివర చింతగింజంత గింజ. ఆ గింజని టేపుతో నా పక్కకి అంటించాడు. నా ఒంటివేడి ఆ గింజ చార్జరుకి చెబుతుందట, దాన్ని బట్టి అది వేడిలో తగ్గించి, చలిలో పెంచి పెడుతుందట. రత్నం శ్రద్ధగా విని, అంటే పక్కన కూర్చుని విసురుతూ వడ్డించే మనిషిని పెట్టావన్నమాట అంది. అంతే అమ్మా అన్నాడు మస్తాన్.

ఆ తర్వాత సంవత్సరాలు తల్చుకుంటే ఇప్పటికీ నా ముసలి పలకల్లో ఏదో కదులుతుంది. ఎంత బాగుండేదో. నువ్వు చేల గట్ల మీద గాలి, పొద్దున్నే ఈగలు బయల్దేరే రొద, రేడియోలో పాటలు, రత్నం వాటితో పాటు తప్పుగా కలిపే గొంతు. తేనె తీసే రోజుల్లో బస్సంతా తియ్యటి వాసన, గిన్నెలూ గరిటెలూ జిగట, పున్నయ్య మీసాలు కూడా జిగట. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మలుపు మలుపుకీ నా ఆసిడ్ ఒక పక్కకి ఒరిగేది. అరకులో కొండవాలు మొత్తం వలిసె పూలతో పచ్చగా పసుపు ముద్దలా ఉండేది. పొద్దున్నే రత్నం ఉన్ని శాలువా కప్పుకుని, గొట్టం ముఖానికి తగిలించుకుని, బస్సు మెట్టు మీద కూర్చుని ఆ పసుపుని చూస్తూ ఊపిరి పీల్చుకునేది. మిషను గుర్రుమనేది. ఆ గుర్రు నాదే. ఆవిడ లోపలికి పీల్చుకునే ప్రతి ఊపిరిలో నా కష్టం ఎంతో కొంత ఉందని నాకు గర్వంగా ఉండేది. ఉండదూ మరి?

ఇక ఒక ఏడాది జరిగిన సంగతి. ఆ వేసవి ఎండకి గింజ మీది టేపు జిగురు కరిగి ఊడిపోయింది. వైరు నా పక్కనే వేలాడుతూ ఉండేది. పెద్ద నష్టమేమీ లేదు, నాకు దగ్గర్లోనే ఉంది కదా, ఇంచుమించు నా వేడే చెప్పేది. ఎవరూ గమనించలేదు. అలాగే అరకు చేరాం. చలి ఆ యేడు ముందే దిగింది. పెట్టెల్లో ఒకటి బలహీనపడింది. కొత్త రాణి, చుట్టూ గుప్పెడు ఈగలు. ఇది ఈ చలికి బతకదు మావా అని రత్నం రోజూ బెంగపడేది. ఆ పెట్టెకి ఆవిడ కన్నకూతురికి చేసినట్టు చేసేది. అది చూడలేక పున్నయ్య ఒక పొద్దున, ఆవిడ చేలోకి వెళ్ళినప్పుడు, ఆ పెట్టెని బస్సులోకి తెచ్చాడు. మంచం కింద నా పక్కనే పెట్టి, వాళ్ళక్క కుట్టిన పాత చీరల బొంత దాని చుట్టూ చుట్టాడు. ఈగలు వెళ్ళొచ్చేందుకు కిటికీ వైపు చిన్న దారి వదిలాడు. ఎంత జాగ్రత్తగా చుట్టాడో. అంత జాగ్రత్తలో, పక్కన వేలాడుతున్న గింజ కూడా బొంతలోకి పోయిందని చూసుకోలేదు.

రత్నం వచ్చి చూసి, మా మావ మనసు వెన్న అని మురిసిపోయింది. నాకు మాత్రం ఆ పూట నుంచే పస్తులు మొదలయ్యాయి.

తేనెటీగల సంగతి మీకు తెలుసో లేదో. బయట మంచు కురిసినా నిప్పులు కురిసినా, అవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, ఒళ్ళు వణికించి, పిల్లలున్న చోటుని పన్నెండు నెలలూ ఒకే వెచ్చదనంలో ఉంచుతాయి. పైగా బొంత. ఆ వెచ్చదనాన్ని గింజ చార్జరుకి చెప్పింది. బ్యాటరీ వెచ్చగా ఉంది, ఎండాకాలం కాబోలు అనుకుని చార్జరు చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనేమో కింద ఇనప నేల మీద గడ్డకట్టుకుపోతున్నాను. కొసరి పెట్టాల్సిన రోజుల్లో, చాల్లే అని విస్తరి లాగేసినట్టుంది నా పని. పైగా మబ్బు, సోలార్ పలకల మీద మంచు. రోజురోజుకీ అడుగంటిపోయాను. లైట్లు మసకబారాయి. పున్నయ్య మంచు వల్లే అనుకుని ఫ్యాను ప్లగ్గు తీసేశాడు, రేడియో కట్టేశాడు. నా దగ్గరున్నదంతా మిషనుకే దాచిపెట్టాడు పాపం. దాచడానికి నా దగ్గర ఉంటే కదా.

ఆ పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. రత్నానికి లేస్తూనే ఆయాసం పట్టుకుంది. రోజూ వచ్చేది కాదు, గట్టిది. పక్కటెముకలు ఎగిరిపడుతున్నాయి. పున్నయ్య మందు పోసి గొట్టం తగిలించి స్విచ్చి వేశాడు. ఉన్న సత్తువంతా కూడగట్టి తోశాను. మిషను గుర్రుమంది, గొంతు తగ్గింది, ఇన్వర్టరు కీచుమంది, అంతే. ఆవిడ గొట్టంలోంచి గాలి కోసం వెతుక్కుంటూ ఆయన వైపు చూసిన చూపు ఉందే, అది నేను ఈ జన్మలో మరిచిపోను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంజనుకి వేరే బ్యాటరీ ఉంది కాబట్టి బస్సు కదిలింది. ఆ మంచులో, ముందు దారి కనబడకుండా, ఆయన అరకు ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాడో ఆయనకే తెలియదు.

దేవుడు చల్లగా చూశాడు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్లు ఇచ్చారు, తేరుకుంది. ఆవిడ కళ్ళు తెరిచి మాట్లాడాక పున్నయ్య బయటికొచ్చి చేసిన మొదటి పని పూర్ణచంద్రరావుకి ఫోను. ఎవరూ అడగలేదు, దాచినా ఎవరికీ తెలియదు. మాటిచ్చిన మనిషి కదా.

"మిషను ఆగిందిరా పూర్ణా. వచ్చి మీ చెల్లెల్ని తీసుకెళ్ళు."

పూర్ణచంద్రరావు రెక్కలు కట్టుకుని వాలాడు. ఆసుపత్రిలో రత్నం ఎంత గొడవ పెట్టినా ఇద్దరూ చెవిన పెట్టలేదు. వినుకొండ వైపు పెంపకందారు ఒకాయన పెట్టెలన్నీ తీసుకుంటానన్నాడు, మర్నాడే లారీ వస్తుందన్నారు. బట్టలు సర్దుకోవడానికి రత్నాన్ని, అప్పటికే మళ్ళీ పెట్టెల దగ్గరికి చేరిన బస్సుకి తీసుకొచ్చారు. అప్పటికి మంచు విడి నీరెండ కాస్తోంది. అన్న మెట్టు మీద కూర్చున్నాడు, పున్నయ్య బయట పెట్టెల దగ్గర తాళ్ళు కడుతున్నాడు. ఆవిడ ఏడుస్తూనే చీరలు మడత పెట్టింది. అంతా అయ్యాక, పోయేముందు ఆ చిన్న రాణి ఎలా ఉందో చూద్దామని మంచం కిందకి వంగి బొంత విప్పింది.

గింజ జారి ఆవిడ అరచేతిలో పడింది.

వెచ్చగా ఉంది. ఆవిడ అలాగే కాసేపు దాన్ని పట్టుకుంది. రెండో చెయ్యి తెచ్చి నా ఒంటి మీద పెట్టింది. నేను చల్లగా ఉన్నాను, నూతి రాయిలాగా. మళ్ళీ గింజ, మళ్ళీ నేను. ఈగలతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఇంకొకరు విడమరిచి చెప్పాలా? ముఖం మీద ఏడుపు ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇలా రా. చలీ కాదు, మిషనూ కాదు. ఈ చార్జరు ఇన్నాళ్ళూ మా ఈగల ఒళ్ళు పట్టుకు చూసి బ్యాటరీకి అన్నం పెడుతోంది" అంది.

పూర్ణచంద్రరావు వచ్చి చూశాడు. అతనూ గింజని పట్టుకున్నాడు, నన్నూ పట్టుకున్నాడు. అర్థమయ్యేసరికి ముఖం ఎర్రబడింది. అప్పటికి పున్నయ్య కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బొంత నేల మీద పడి ఉంది, గింజ రత్నం చేతిలో ఉంది. ఆయన వాటి వంక చూశాడు. చేతిలో తాడు జారి కింద పడింది.

"ఈ బొంత ఎవరు చుట్టారు?" అన్నాడు పూర్ణచంద్రరావు.

పున్నయ్య నోరు తెరిచాడు.

"నేనే" అంది రత్నం.

నేను అదిరిపడ్డాను. అంత తేలిగ్గా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. పున్నయ్య ఏదో అనబోతే, నువ్వు ఊరుకో మావా, నన్ను వెనకేసుకు రావద్దు, వాడికి నా సంగతి తెలుసు అని నోరు మూయించింది. పూర్ణచంద్రరావు చెల్లెల్ని తిట్టాడు. తిట్టడమంటే అలా ఇలా కాదు. చిన్నప్పుడు కోడిపిల్లని పరుపులో పడుకోబెట్టిన దగ్గర్నుంచీ అన్నీ ఏకరువు పెట్టాడు. పురుగుల మీదున్న ప్రేమ నీ ప్రాణం మీద లేదే అన్నాడు. ఆవిడ తల వంచుకుని, అవునన్నయ్యా, బుద్ధి తక్కువై చేశాను అంటూ పడింది. పున్నయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఆ తిట్లన్నీ విన్నాడు. ఒక్కో మాటకీ ఆయన ముఖం ఎలా ముడుచుకుపోయిందో మంచం కింద నుంచి నాకు బాగా కనబడింది.

తిట్టి తిట్టి అలిసిపోయాక రత్నం అసలు మాట అడిగింది. బ్యాటరీ మంచిదే, మిషనూ మంచిదే, నా తెలివితక్కువకి మావ మాట ఎందుకు పోవాలి, నా ఈగలెందుకు పోవాలి అంది. గింజ దాని చోట పెడదాం, నువ్వు ఇక్కడే ఉండి చూడు, మిషను ఆగితే నోరెత్తకుండా నీ వెనక వస్తానంది. పూర్ణచంద్రరావు చాలాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. లారీ వద్దని కబురు చేశారు.

గింజని నాకు అంటించిన పూట చార్జరుకి మతిపోయి ఉంటుంది. ఎండాకాలం అనుకున్నది కాస్తా గడ్డకట్టే చలి అని తెలిసింది. ఇక చూస్కోండి, కొసరి కొసరి, బతిమాలి బతిమాలి వడ్డించింది. ఆకాశం కూడా కనికరించి విచ్చుకుంది. ఉపవాసం విరమించిన మనిషిలా తిన్నాను. పూర్ణచంద్రరావు పొద్దునా సాయంత్రం మిషను ముందు బాసింపట్టు వేసుకుని, పరీక్ష హాల్లో మేష్టారిలా కూర్చున్నాడు. మందు ఆఖరి చుక్క దాకా ఒక్కసారి కూడా గొంతు తగ్గించలేదు నేను. ఆ మనిషి ముందు పరువు నిలబెట్టుకోవాలని నాకూ పంతం పట్టింది. చివరికి అతను తేనె డబ్బా ఒకటి చంకన పెట్టుకుని, దీన్ని ఓ కంట కనిపెట్టు మావయ్యా, ఉత్త పిచ్చిది అని చెప్పి రైలెక్కాడు.

అతను వెళ్ళాక బస్సులో వాళ్ళిద్దరే. రత్నం పొయ్యి మీద టీ పెట్టింది. పున్నయ్య వచ్చి నా దగ్గర నేల మీద కూర్చున్నాడు. టేపు తీసుకుని గింజ మీద ఒక పొర చుట్టాడు, ఇంకో పొర చుట్టాడు, ఇంకా చుడుతూనే ఉన్నాడు. ఆయన కళ్ళనీళ్ళు నా మూత మీద పడుతున్నాయి.

"ఎందుకు అబద్ధమాడావే?" అన్నాడు, తలెత్తకుండా.

రత్నం టీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"వాడు నన్ను తిడితే ఇంటికెళ్ళేసరికి వాడూ మర్చిపోతాడు, నేనూ మర్చిపోతాను. నిన్ను తిడితే నువ్వు మర్చిపోవు మావా" అంది.

ఆ తర్వాత ఎప్పుడూ వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట రాలేదు. ఆ చిన్న పెట్టె బతికింది, వలిసె పూలు రాలేనాటికి నిండుగా ఈగలతో కళకళలాడింది. మళ్ళీ నువ్వు చేలు, మళ్ళీ పొద్దుతిరుగుడు, మళ్ళీ ఘాట్ రోడ్డు. మిషను మళ్ళీ ఆగలేదు. పున్నయ్యకి మాత్రం కొత్త అలవాటు ఒకటి వచ్చింది. పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకోకముందే మంచం కింద చెయ్యి పెట్టి నా ఒళ్ళు తడిమి చూసేవాడు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా, గింజ ఉన్నచోట ఉందా అని. నాకు జ్వరమొచ్చినట్టు, నేనేదో చంటిపిల్లనైనట్టు. కన్నవాళ్ళు లేని వస్తువుకి అంతకంటే ఏం కావాలి చెప్పండి.

ఎంత బాగా తిండి పెట్టినా వయసు ఆగదు కదా. నా పలకల నుంచి సీసం పొడిగా రాలి అడుగున పేరుకుంది. పొద్దున తిన్నది సాయంత్రానికి నిలవడం మానేసింది. ఇక కష్టపెట్టొద్దు మావా దీన్ని అంది రత్నం. అరకు వెళ్ళే ముందు బస్సుని మస్తాన్ కొట్టు ముందు ఆపారు. కొత్తది నా చోట్లోకి వెళ్ళింది. నిగనిగలాడుతోంది, దానికేం తెలుసు పాపం. గింజని దానికి పున్నయ్యే స్వయంగా అంటించాడు.

మస్తాన్ నన్ను షెడ్డులోకి లాగబోతూ, ఎలా పనిచేసిందన్నా ఇది అని మాట వరసకి అడిగాడు. పున్నయ్య వంగి నా మూత మీద చెయ్యి వేశాడు.

"మా రత్నం ఊపిరి ఇన్నేళ్ళూ దీని మీదే నడిచింది మస్తానూ. ఒక్కసారి దీన్ని ఆకలికి మాడ్చాను. నేనే" అన్నాడు.

ఆ మాట ఆయన పైకి అనగా నేను వినడం అదే మొదలు. ఆవిడ అంత అబద్ధమాడి అడ్డుపడినా, ఇన్ని పూల కాలాలు గడిచినా, ఆయన మర్చిపోలేదు. ఎప్పుడు బస్సు దిగిందో రత్నం ఆయన వెనకే నిలబడి ఉంది. అంతా వింది. ఆయన చెయ్యి పట్టుకుని నా మీద నుంచి మెల్లగా తీసింది.

"ఇక వదిలెయ్ మావా. అది ఏనాడో మర్చిపోయింది" అంది.

ఆయన నా వంక నిజమా అన్నట్టు చూశాడు. తర్వాత చిన్నగా తలాడించి ఆవిడతో బస్సెక్కాడు. అరకులో పూలు విచ్చే వేళయింది, ఆగడానికి లేదు.

నేనేం మర్చిపోలేదు. మర్చిపోతే ఇదంతా మీకెలా చెబుతాను? కానీ ఆయన అలా చూసినప్పుడు నాకు నోరు లేకపోవడమే మంచిదైంది.